లూకా రాసుకున్న సినాప్సిస్

వాక్యభాగం: లూకా సువార్త 1:1–4, 1:46–55

లూకా సువార్త దేవదూతతోనో పశువుల తొట్టితోనో మొదలుకాదు. లూకా ముందు తన పని గురించి చెబుతాడు. తనకంటే ముందే చాలామంది ఈ చరిత్ర రాయడానికి పూనుకున్నారని ఒప్పుకుంటాడు. కళ్లారా చూసినవాళ్లే దీనికి ఆధారమంటాడు. అన్నిటినీ మొదటినుంచి తరచి చూశానని, వరుసగా రాస్తానని మాట ఇస్తాడు. తాను ఎవరికోసం రాస్తున్నాడో ఆ థెయొఫిల తాను విన్న సంగతులు నిజమని నిశ్చయంగా తెలుసుకోవాలన్నదే తన ఉద్దేశమంటాడు.

సాహిత్యంలో ఆనర్స్ పరిశోధనకు సినాప్సిస్ రాసే విద్యార్థిని గైడ్ అడిగేవీ ఇవే. ఇంతకుముందు ఎవరేం రాశారు? నీ ఆధారాలెక్కడివి? ఎలా పరిశీలిస్తావు? ఎందుకోసం? నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు తెచ్చుకున్నవాళ్లు చివరి ఏడాది పరిశోధన ఎంచుకోవచ్చని యూజీసీ 2022లో చెప్పింది. అక్కడిదాకా మార్కులు తీసుకెళ్తాయి. సినాప్సిస్ రెండు మూడు పేజీల్లో తేలేది మాత్రం మన నిజాయితీ.

ఝరాసంగం మండలం నుంచి ఒక అమ్మాయి ఆ పేజీలు రాయడానికి కూర్చుందనుకుందాం. మండలంలోని జానపద సాహిత్యమంతటి మీదా రాయాలని మనసు లాగుతుంది. కానీ అది ఒక జన్మకు సరిపడే పని. ఆ మండలంలోనే ఉన్న మచ్నూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. ఆ సంఘం రేడియోను నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే దళిత మహిళలు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల పాటలు, పంటల ముచ్చట్లు వాళ్ల గొంతుల్లోనే ఊరూరికీ వినిపించాయి. అలాంటి నేల మీద పుట్టిన పిల్ల తన టాపిక్‌ను ఒక్క ఊరికి, జొన్నచేలో కలుపు తీస్తూ పాడే పాటలకు కుదించుకోవచ్చు. ఆ పాటల్లో ఆడమనిషి ఎవరితో మాట్లాడుతోంది? తల్లితోనా, అత్తతోనా, పక్క సాలులోని తోటి కూలితోనా, దేవునితోనా? ఏడాదిలో చేతికందే ప్రశ్న ఇది.

ముందు రాసినవాళ్ల దగ్గర బిరుదురాజు రామరాజు పేరు ఉండి తీరాలి. ఉస్మానియాలో ఆయన చేసిన పరిశోధన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా 1958లో అచ్చయింది. అది తెరిచి చూడకుండా ఈ పాటలను ఎవరూ పట్టించుకోలేదని రాస్తే అబద్ధసాక్ష్యం పలికినట్టే. ఇక ఆధారాల దగ్గర, పాట పాడిన అవ్వను అడిగి, ఆమె సరేనంటేనే పేరూ ఊరూ రాయాలి. పాటను ఆమె పలికినట్టే రాసుకోవాలి. బీదరు సరిహద్దు కదా, నడుమ ఒక కన్నడ మాట దొర్లితే దాన్ని దిద్దకూడదు.

లూకాను పరిశుద్ధాత్మ నడిపించాడని నమ్ముతాం. అయినా అడగడం, వినడం, సరిచూసుకోవడం అతనికి తప్పలేదు. ప్రార్థించాను కదా అని లైబ్రరీ మెట్లెక్కడం మానేస్తే అది విశ్వాసం అనిపించుకోదు. నాలుగు సువార్తల్లో యేసు తల్లి మరియ పాట ఉన్నది అలా విని రాసిన లూకాలోనే. అది దీనులను పైకెత్తే దేవుణ్ణి, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపే దేవుణ్ణి ఒక పల్లెపడుచు కీర్తించిన పాట. అది మనదాకా వచ్చిందంటే ఓపికగా విన్నవాళ్లు, నమ్మకంగా రాసినవాళ్లు ఉన్నారు. చదువురాని తల్లుల పాటను శ్రద్ధగా వినే విద్యార్థి ఆ వరుసలోనే నిలబడుతుంది. ఆమె చదువు కూడా ఆరాధనే.

ఈ రోజు ఆచరణ: మీరు రాయబోయే విషయం మీకు ఎవరివల్ల తెలిసిందో వాళ్ల పేర్లు ముందుగా రాసుకోండి. మీకు చేతకానంత పెద్ద మాట సినాప్సిస్‌లో ఉంటే కొట్టివేయండి.

ప్రార్థన: సత్యవంతుడవైన తండ్రీ, లూకాకిచ్చిన ఓపిక నీ పిల్లలకూ దయచేయుము. ఇతరుల కష్టాన్ని మాదేనని చెప్పుకోకుండా మమ్మును కాపాడుము. ఎవరూ లెక్కచేయని గొంతుల్లో నీవు ఉంచిన జ్ఞానాన్ని వినే చెవులిమ్ము. ఇచ్చిన మాట నెరవేర్చే బలం మాకిమ్మని యేసు నామంలో వేడుకుంటున్నాము. ఆమేన్.