నిశ్శబ్దమునకు మూల్యము

విద్యుద్గిటారును ఇంట నుంచుకొన్నవారెల్లరు ఎరిగిన బాధ యొకటి కలదు. తీగ మీటకమునుపే యాంప్లిఫయరునుండి గొణుగుడు బయలుదేరును. వాల్యూము మీటను త్రిప్పినంతనే పేలాలు వేగినట్లు చిటపటలాడును. త్రాడు కొంచెము కదలినచో పాట నడుమ తెగి మరల నతుకుకొనును. దీనిని పోగొట్టుటకు ఉపాయములు పెక్కులు కలవు. అంగడివారొకటి చెప్పుదురు, తోడి వాద్యకాండ్రొకటి చెప్పుదురు, ఇంటికి వచ్చిన విద్యుత్పనివాడు వేరొకటి చెప్పును. ఏ యుపాయము చేతనైనను రొద యణగినచో చాలునని సామాన్యముగా తలంపబడుచున్నది. అట్లు తలంచుట యుక్తమా యనునదే మేమిచ్చట విచారింపదలచిన విషయము. వాద్యము చిన్నదే కాని ప్రశ్న చిన్నది కాదు. ఒక్కొక్కప్పుడది ప్రాణముతో ముడిపడి యుండును.

రొద యెచ్చటినుండి వచ్చునో మొదట తెలిసికొనుట మేలు. మామూలు గిటారునకు బోలుపెట్టె గొంతుక వంటిది. విద్యుద్గిటారునకు అట్టి గొంతుక లేదు. తీగల క్రింద నమర్చిన పికప్ అను చెవి మాత్రము కలదు. అయస్కాంతపు కడ్డీల చుట్టును, ఇంచుమించు 0.06 మిల్లీమీటరు మందము గల రాగితీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టి దీనిని చేయుదురు. ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంతక్షేత్రము కదలి, 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన నియమము చొప్పున, రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. యాంప్లిఫయరు దానిని పెక్కురెట్లు పెంచి స్పీకరునకు పంపును. 1930 దశాబ్దపు తొలినాళ్లలో జార్జి బోషాం అను నమెరికా వాద్యకారుడు ఈ తంత్రమును గిటారునకు సాధించెను. అల్యూమినియముతో పోతపోసిన ఆ వాద్యమునకు వేపుడుపెనమను మారుపేరు కలిగినది. దాని యాకారమును చూచినవారెవ్వరును ఆ పేరును తప్పుపట్టజాలరు.

ఈ చెవికి విచక్షణ లేదు. తన చుట్టునుగల క్షేత్రములో ఏ మార్పు కలిగినను దానికి తీగకంపముతో సమానమే. మన గృహములలోని విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు, అమెరికాలో 60 ఆవృత్తులు చేయును. గోడలోని తీగెలును, యాంప్లిఫయరులోని ట్రాన్సుఫార్మరును ఆ లయనే చుట్టును చిమ్ముచుండగా పికప్ దానినిగూడ శ్రద్ధతో ఆలకించి మనకు వినిపించును. ఫ్యాను రెగ్యులేటరు, వెలుతురు తగ్గించు మీట, చౌకరకపు ఛార్జరు మొదలగునవి విద్యుత్తరంగమును ముక్కలుచేసి వాడుకొనును గనుక వానినుండి వచ్చు ధ్వని మరింత కరకుగా నుండును. తీగయొక్క సూక్ష్మకంపమును పట్టుకొను శక్తియే ఈ రొదను కూడ పట్టుకొనుచున్నది. చెవి మందమైనచో రెండును వినబడవు.

ఇంతకును రొదయని దేనినందుము? తంబురా గుర్రముపై తీగల క్రింద సన్నని నూలుపోగు నుంచి జీవ పట్టుదురు. ఆ పోగు లేనిచో తంబురా మూగవోయినట్లుండును. అదే జుమ్ముమను ధ్వని గిటారు మెట్లకు తీగ తగులుటచేత పుట్టినచో దోషమని విప్పి చూతుము. స్పీకరు ధ్వని మరల గిటారును కదిలించి ఊళవేయుట గాయకులందరును భయపడు విషయము. 1964లో బీటిల్సు ఐ ఫీల్ ఫైన్ అను పాట కా యూళనే ప్రారంభముగా నుంచిరి. కావున ఏ ధ్వనియు స్వభావముచేత రొద కాదు, పిలువనిదే రొద. అయినను గిటారులోని చిటపటకు మరియొక గుణము కలదు. అది యెచ్చటనో ఒక కీలు వదలినదను వార్తను మోసికొని వచ్చుచున్నది. వార్త తెచ్చినవాని నోరు మూయించుటయు, వార్తలోని సంగతిని చక్కదిద్దుటయు ఒకే పని కాదు.

చక్కదిద్దదలచినవానికి మొదట కావలసినది ఓపిక. ఒక్కమారుగా త్రాడును మార్చి, మీటను తుడిచి, గోడసాకెట్టును మార్చినచో రొద పోవచ్చును. కాని యేది దోషమో తెలియదు, నెలదినములలో మరల వచ్చును. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. త్రాటిని యాంప్లిఫయరునుండి ఊడదీసిన పిమ్మటను గొణుగుడు తగ్గనిచో గిటారు నిర్దోషి. త్రాడు బదులు వేరు త్రాడు పెట్టగా పోయినచో దోషము త్రాటిది. నూటికి చాలవంతు ఇచ్చటనే తేలిపోవునని మా యనుభవము. మీటను త్రిప్పునపుడు మాత్రమే చిటపటలాడినచో, లోపలి కార్బను పట్టీపై ధూళి పేరుకొన్నదని తెలియవలెను. విద్యుత్సంపర్కములను శుభ్రపరచుటకై చేసిన ద్రవమును మీటలోనికి కొంచెము చిమ్మి, ముప్పదిమార్లు ఆ కొననుండి ఈ కొనకు త్రిప్పినచో తరచుగా నెమ్మదించును. తలుపుబందులకు వేయు నూనె దీనికి తగదు. అది మరింత ధూళిని పిలుచును.

త్రాడు కదలినపుడు ధ్వని తెగినచో జాక్ వద్ద చూడవలెను. దాని మర వదలినదని పైనుండి బిగించువారు లోపల జాక్ మొత్తము తిరిగి తీగెలు మెలిపడుటను గమనింపరు. దానిని వ్రేళ్లతో పట్టుకొని మరను బిగింపవలెను. లోపల మాటు వేసినచోట లోహము మెరయక బూడిదవలె పొడిపొడిగా నున్నచో అది పచ్చిమాటు. మరల కాచి అతుకవలెను. గిటారు లోపలి భాగమును విప్పుటవలన సాధారణముగా అపాయము లేదు. యాంప్లిఫయరు విషయమట్లు కాదు. అందును వాల్వులు గల యాంప్లిఫయరులోని కండెన్సరులు ప్లగ్గు తీసిన తరువాతగూడ కొంతకాలము వందల వోల్టులను దాచుకొనియుండును. దాని జోలికి నేర్చినవారే పోవలెను.

పొడిగాలి వీచు దినములలో మాత్రమే వచ్చు చిటపట యొకటి కలదు. తీగల క్రింద నున్న ప్లాస్టికు పలకను చేయి రాచుకొనుటచేత, దువ్వెనను జుట్టునకు రాచినట్లే, దానిపై స్థిరవిద్యుత్తు చేరును. వ్రేలు తగిలినపుడెల్ల అది పేలును. పలకను తడిగుడ్డతో తుడిచినచో అప్పటికి పోవును. పలక వెనుకవైపున రాగిరేకు నంటించి, ఆ రేకును ఎర్తు తీగెకు కలిపినచో దాదాపు శాశ్వతముగా పోవును. తీగలపై చేయి వేసిన తోడనే గొణుగుడు తగ్గుటయు పలువురకు తెలిసిన విచిత్రమే. మన శరీరము గాలిలోని విద్యుత్‌క్షేత్రమును పోగుచేసి పికప్‌నకు చేరువగా తెచ్చుచుండును. తీగలు వంతెనద్వారా ఎర్తునకు కలిసియున్నవి గనుక వానిని ముట్టినప్పుడు ఆ పోగు క్రిందికి జారును. లోపలి గుంటకును రాగిరేకు పరచుట దీనికి మందు. ముట్టినపుడు తగ్గుటకు మారు పెరిగినచో, జాక్ వద్ద రెండు తీగెలు తారుమారైనవేమో చూడవలెను.

ఈ వంతెన, ఈ ఎర్తు అనునవి చదువరులు మరువరాదు. గిటారు తీగలు త్రాటి పైయల్లికద్వారా యాంప్లిఫయరు లోహపుపెట్టెకును, పెట్టె మూడవపిన్నుద్వారా భూమికిని కలిసియున్నవి. అనగా వాయించువాని చేయి ఎల్లప్పుడు ఆ పెట్టెపైన నున్నట్లే. పెట్టెలో ఏదేని తీగె వదలి లోహమునకు తగిలినచో, మూడవపిన్ను ఆ విద్యుత్తును భూమిలోనికి దింపి ఫ్యూజును తెంచును. మూడవపిన్ను లేనిచో ఆ విద్యుత్తు గిటారు తీగలపైననే కాచుకొనియుండును. వాయించువాడు మరియొక చేతితోనో పెదవులతోనో ఎర్తుగల మైకును ముట్టినంతనే వాని దేహము త్రోవయగును. 1972 మే నెలలో వేల్సులోని స్వాన్సీ నగరమున, స్టోన్ ది క్రోస్ అను బృందమునకు చెందిన లెస్లీ హార్వీ అను గిటారువాద్యకారుడు వేదికపై ఎర్తు సరిగాలేని మైకును తాకి విద్యుద్ఘాతముచేత మరణించెను. ఒక చేయి తీగలపైన, ఒక చేయి మైకుపైన. యువకుడు.

ఇట్టి మూడవపిన్నునే రొద పోగొట్టుటకై తెంచివేయు నలవాటొకటి కలదు. రెండు యంత్రములు వేర్వేరుచోట్ల ఎర్తునకు కలిసినపుడు ఆ రెంటినడుమ నొక వలయమేర్పడి గొణుగుడు పుట్టును. ఒకదాని ఎర్తును తెంచినచో వలయము తెగును, గొణుగుడు నిలుచును. తెంచినవాడు మాంత్రికునివలె గౌరవింపబడును. మేమెరిగిన యొక గృహమున ఇట్లే జరిగినది. పదునేడేండ్ల బాలిక తాను దాచుకొనిన ధనముతో ఒక గిటారును కొనుక్కొన్నది. ఆ యింటి పెద్దలకు ఆమె వాద్యము మొదటినుండియు ఇష్టము లేదు. వంటయింటివరకు వినబడు గొణుగుడు వారికి మంచి సాకైనది. ఒక పనివానిని పిలిపింపగా అతడు రెండు నిముషములలో మూడవపిన్నును కత్తిరించి, "ఇక చప్పుడు రాదండి" అని చెప్పి పోయెను. నిజముగనే రాలేదు. ఇంటిలో నందరు సంతోషించిరి. వారెవ్వరును గిటారును ముట్టువారు కారు. దైవవశమున ఆమెకు పాఠము చెప్పుటకు వచ్చిన యువకుడు ప్లగ్గును చూచి, మరునాడే క్రొత్త ప్లగ్గు వేయించెను. రెండు యంత్రములను ఒకే పలకసాకెట్టునుండి నడిపించుటచేత ఆ గొణుగుడు చాలవరకు పోయినది కూడ.

ఇందులో మమ్ము కలతపెట్టునది పనివాని యజ్ఞానము కాదు. నిశ్శబ్దమును కోరినవారొకరు, దానికి మూల్యము చెల్లింపవలసినది మరొకరు. కోరినవారికి ఫలము వెంటనే చెవులకు తెలియును. చెల్లింపువలసినదానికి ఆమెకు నోటీసు లేదు. గృహములలోను, కచేరీలలోను, పాఠశాలలలోను పెద్దలు సమస్య తీరినదని చెప్పునపుడు మేమీ మూడవపిన్నును తలంచుకొందుము. ఫిర్యాదు వచ్చుట నిలిచినదా, ఫిర్యాదునకు కారణము నిలిచినదా యని అడుగువారు మనలో తక్కువ. కోడలు మాటాడుట మానినదని పొంగిపోవు అత్తగారిని చూడని చదువరి యుండడు.

ఇంటికి ఎర్తు సరిగానున్నదో లేదో తెలియనివారు విద్యుద్గిటారును కొనుటకు ముందు దానిని పరీక్షింపించుకొనుట మంచిది. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారితప్పినను తెంచివేయు రక్షకయంత్రము బోర్డులో పెట్టించుకొనుటయు అవసరమే. గిటారు వెలతో పోల్చిన అది పెద్దఖర్చు కాదు.

ఇక నాయిస్ గేట్ అను చిన్న పెట్టె కలదు. ధ్వని ఒక మట్టమునకు దిగువకు పోయినంతనే ఇది తలుపు మూయును. తీగ మీటినపుడు మరల తెరచును. దీనివలన ఎవరి ప్రాణమునకును ముప్పు లేదు గనుక మేము దీనిని మూడవపిన్నుతో సమానముగా నిందింపము. ధ్వనిని మిక్కిలి పెంచి చీల్చి వాయించు బాణీలవారికి ఇది లేక గతి లేదు. కచేరీ సాయంకాలమున దోషమును వెదకుటకు సమయములేనివాడు దీనితో గట్టెక్కినచో తప్పేమి? అయినను ఇది రొదను పాటక్రింద దాచునే కాని తీయదు. మీటినంతసేపు రొద అచ్చటనే యుండును. మరియు ఇది స్వరముయొక్క తోకను కోయును. మన సంగీతము విన్నవారికి ఇది సామాన్యనష్టము కాదు. పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ మాండలిన్‌ను విద్యుద్వాద్యముగా చేసికొనుటకు కారణమే, సాధారణ మాండలిన్‌పై స్వరము త్వరగా ఆరిపోయి గమకమునకు చోటుచాలకుండుట. ఆరిపోవు స్వరములో ఇంకను మిగిలియున్న ఆ సన్ననిభాగమునకై ఒక కళాకారుడు వాద్యమునే మార్చుకొనగా, దానినే తలుపువేసి కత్తిరించు పెట్టెను కొనుక్కొనుట మాకు వింతగా తోచును.

గిబ్సన్ సంస్థలో పనిచేసిన సేత్ లవర్ పద్ధతి వేరు. ఆయన పికప్‌లో ఒకదానికి మారుగా రెండు రాగిచుట్టలనుంచి, రెండవదాని చుట్టుదిశను, అయస్కాంతధ్రువమునుగూడ తారుమారుచేసెను. తీగకంపము రెంటిలోను కలిసి బలపడును. బయటినుండి వచ్చు గొణుగుడు రెంటిలో నెదురెదురై చెల్లిపోవును. 1955లో దరఖాస్తు చేయగా 1959లో పేటెంటు వచ్చినది. ఇది రొద మూలమువరకు పోయిన చికిత్స. అయినను దీనికిని మూల్యము కలదు: రెండుచుట్టల ధ్వని కొంత మందముగా, ఒక్కచుట్టలోని మెరుపు కొంత తగ్గినట్లుగా నుండును. ఆ మెరుపునకై నేటికిని ఒక్కచుట్టనే కోరువారు వేలకొలదిగా నున్నారు. గొణుగుడును వారెరుగనివారు కారు. తెలిసి తామే భరించుచున్నారు. ఈ యెంపికలో ఎవరి మూల్యమును మరియెవరిపైనను మోపుట లేదు.

అట్టివారు వాయించుటకు కూర్చుండునపుడు గమనింపుడు. ముందుగా గదిలో రెగ్యులేటరును ఆర్పుదురు. త్రాటిని ఛార్జరునుండి దూరముగా జరుపుదురు. పిమ్మట గిటారును ఒడిలో నుంచుకొని, యాంప్లిఫయరువైపు చెవియొగ్గి, కుర్చీతోసహా మెల్లగా తిరుగుచుందురు. ఒక్కచుట్ట పికప్ ఒకానొక దిశలో ఇతరదిశలకంటె తక్కువ గొణుగును. ఆ దిశ దొరకినచోట ఆగి, మిగిలిన సన్నని ఝంకారమునట్లే యుండనిచ్చి, తీగలు శ్రుతిచేయ నారంభింతురు.