నిరాకారుని ఆవరణమున రూపసాధన

శాంతినికేతన కళాభవనము చరిత్రను తలచినపుడెల్ల ఒక ప్రశ్న నన్ను విడువక వేధించుచుండును. 1888లో మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు ఆ స్థలమును ధర్మకర్తలకు అప్పగించుచు వ్రాయించిన పత్రమున, అచట నిరాకారుడైన ఏకేశ్వరుని ఉపాసనయే జరుగవలెనని, విగ్రహారాధన కూడదని విధించెను. ఆ నేలమీదనే 1919లో ఆయన కుమారుడు రవీంద్రుడు, రూపనిర్మాణమే విద్యగా గల కళాభవనమును నెలకొల్పెను. తండ్రి వలదన్నదానిని తనయుడు దొడ్డిదారిన లోనికి రానిచ్చెనా?

అట్లు తలచుట పొరపాటని నా దృఢవిశ్వాసము. అపరిమితమైనదానిని ఒక్క రూపమున బంధించి, దైవమింతియేయని తృప్తిపడు బుద్ధిజాడ్యమునకు వెఱచియే మహర్షి ఆ నియమము చేసెను గాని, రూపముపై ద్వేషముచేత గాదు. కళాభవనమున చిత్రకళ నేర్పిన నందలాల్ బోసు బోధనలో అట్టి తృప్తికి తావు లేకుండెను. పటములు వ్రాయుటతోపాటు, పండుగలకు నేలపై అల్పనములు దిద్దుట, నాటకములకు రంగము నలంకరించుట అచట విద్యలో భాగములే. మన ముంగిటి ముగ్గువలె అల్పనమును మరునాటికి చెరిగిపోవును. నిలువదని తెలిసియు దానియందు చిత్తము నిలుపుట ఫలాపేక్షలేని కర్మ గాక మరేమి?

ఆయన శిష్యుడు రాంకింకర్ బైజ్ 1938లో సిమెంటును కంకరను కలిపి ఆరుబయట నిలిపిన ‘సంతాలు కుటుంబము’ అను శిల్పమున, దేవతామూర్తులకు దక్కు గాంభీర్యము కావడి మోయు కూలివానికి దక్కినది.

అయినను నా ప్రశ్నకు సూటియైన సమాధానము శాంతినికేతనమందలి హిందీభవనపు గోడలపై నున్నది. చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ 1946-47లో మధ్యయుగ భక్తుల జీవితమును అచట చిత్రించెను. బాల్యమునుండియు ఆయన చూపు మిక్కిలి మందము. అట్టి కుడ్యచిత్రణలో తడి సున్నపుపూత ఆరకమున్నే రంగు పట్టవలయును; పట్టినదానిని తుడుచుటకు వీలులేదు. అయినను ఆయన నిలువెత్తు మాదిరిచిత్రమేదియు ముందు వ్రాసికొనక, నేరుగా గోడపైననే కుంచె నడపెను. నిర్గుణమును పాడిన నేతగాడు కబీరును, సగుణమును కొలిచిన సూరదాసు, తులసీదాసులును ఆ గోడలపై ఒకే జనప్రవాహమున కలిసి సాగుచున్నారు. వారినడుమ గీటు గీయుటకు చిత్రకారునకు మనసొప్పలేదు.

పిదప కొంతకాలమునకు ఆయన చూపు పూర్తిగా పోయెను. అయినను చేతులతో తడుముచు కాగితములు కత్తిరించి బొమ్మలు కూర్చెను. 1972లో కళాభవనమునకు పింగాణీపలకల కుడ్యచిత్రమును సమకూర్చెను. కన్నులు మూసికొని చేయు ధ్యానమును నిరాకారోపాసన యని మన్నించిన మహర్షి, కన్నులు లేక చేసిన ఈ రూపసాధనను తన ఆవరణమునుండి వెలివేసియుండునని నేను నమ్మజాలను.