ఫోటోలో గీత చెరిపితే కారు మీది గీత పోతుందా?

ఈ రోజుల్లో ఫోటోలు తీయడం నేర్చుకోవడానికి పెద్ద కెమెరా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. మా వయసు పిల్లల్లో చాలామందికి కార్ల ఫోటోలంటే ఇష్టం. తీసిన ఫోటోను ఫోన్‌లోనే ఎడిటింగ్ చేసి అందరికీ చూపిస్తారు. ఇది మంచి విద్యే. కానీ ఇందులో ఒక ధర్మసందేహం ఉంది. ఫోటోను ఎంతవరకు దిద్దవచ్చు? ఎక్కడ దాటితే అది అబద్ధం అవుతుంది?

ముందు విద్య సంగతి చూద్దాం. కారు రంగు అద్దంలా మెరుస్తుంది. మన రాయచూరు జిల్లా మిట్టమధ్యాహ్నపు ఎండలో తీస్తే బానెట్ తళతళకు ఇంకేమీ కనిపించదు. అందుకే పొద్దున్నే గానీ, పొద్దు వాలేటప్పుడు గానీ తీయాలి. హెడ్‌లైట్ల ఎత్తుకు వంగి తీస్తే కారు నిండుగా వస్తుంది. మరీ దగ్గరగా తీస్తే ముందు భాగం ఉబ్బినట్టు కనిపిస్తుంది. కాబట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేయాలి. వెనకాల కరెంటు స్తంభం, చెత్తకుప్ప లేని చోటు చూసుకుంటే సగం ఎడిటింగ్ పని తప్పుతుంది.

అయితే కెమెరా కూడా పూర్తి నిజం చెప్పదు. అది వెలుతురును సగటున లెక్క కడుతుంది. ఫ్రేము నిండా తెల్ల కారు ఉంటే మసకబారినట్టు, నల్ల కారు ఉంటే వెలిసిపోయినట్టు చూపిస్తుంది. అప్పుడు వెలుగు సరిచేసి తెలుపును తెలుపుగా చూపడం మోసం కాదు. కంటికి కనిపించినదానికి ఫోటోను దగ్గర చేయడమే. కాబట్టి "ఎడిటింగ్ అంతా అబద్ధమే" అనే మాట సరికాదు.

మరి బంపర్ మీది సొట్టను వేలితో రుద్ది మాయం చేస్తే? సింధనూరు దగ్గర క్యాంపులో ఒక రైతు ఉన్నాడనుకుందాం. వడ్లు అమ్మిన డబ్బుతో పాత కారు కొనాలని ఫోటోలు చూశాడు. సొట్ట లేదు, తుప్పు లేదు. ఒక రోజు పని మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని బళ్లారి వెళ్లాడు. అక్కడ కారు వేరేలా ఉంది. "వచ్చి చూసుకోమనే కదా చెప్పాం!" అని అమ్మేవాళ్లు అనవచ్చు. కానీ ఆ ఫోటోను నమ్మే కదా అతను బయలుదేరాడు! వ్యాపారులు తప్పుదారి పట్టించే ప్రకటనలు ఇస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద చర్య తీసుకోవచ్చు. పక్కింటి అన్న తన కారు అమ్ముకోవడానికి పెట్టే ఫోటోను మాత్రం ఏ అధికారీ వచ్చి చూడడు. అక్కడ మనస్సాక్షే చూడాలి.

పెళ్లి ఆల్బంలో మొహం మీది మచ్చలు తీసేయరా అని కొందరు అడుగుతారు. తీస్తారు. కానీ ఆల్బం చూసి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. అదే పెళ్లిచూపులకు ముందు పంపే ఫోటో అయితే మాట వేరు! గోడకు అంటించుకునే బొమ్మలో కారును ఆకాశంలో ఎగిరించినా నష్టం లేదు. అది ఊహ అని అందరికీ తెలుసు. ఎవరైనా మన ఫోటోను నమ్మి డబ్బు, కాలం ఖర్చు పెడతారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మన రాయచూరు కోట చూడండి. కోట గోడలో 40 అడుగులు దాటిన రాతిపలక మీద తెలుగు శాసనం ఉంది. 1294లో గోరె గంగయ రెడ్డి ఈ కోట కట్టించాడని అది చెబుతుంది. ఆ రాయిని ఎలా తెచ్చారో తెలిపే బొమ్మ కూడా గోడ మీదే చెక్కారు. బండి మీద రాయి, లాగుతున్న దున్నల బారు, మీటలు వేసి చక్రాలను కదిలిస్తున్న మనుషులు. ఒక రకంగా అదీ వాహన చిత్రమే. ఎన్ని దున్నలను చెక్కాలన్నది శిల్పి ఇష్టం. కానీ రాయి దానంతటదే వచ్చినట్టు అతను చూపలేదు, మనుషుల కష్టాన్ని చెరిపేయలేదు.

కొత్తగా నేర్చుకునే మిత్రులారా! ఎడిటింగ్ చేసినా అసలు ఫోటోను తీసేయకండి. అమ్మే కారైతే గీత ఉన్నచోట దగ్గరగా ఇంకో ఫోటో తీయండి. రేపు ఎవరైనా "ఈ సొట్ట కనపడకుండా చెయ్యి బాబూ, 200 రూపాయలు ఇస్తా" అంటే మర్యాదగా కుదరదని చెప్పండి. కెమెరా చేసిన తప్పును దిద్దుదాం, కారుకున్న లోపాన్ని దాచొద్దు. ఫోటోలో గీత చెరిపితే కారు మీది గీత పోదు. మన మీద ఉన్న నమ్మకం పోతుంది.