కోట గోడ మీద చర్చి

ఇంగ్లండ్ తూర్పు తీరాన, ఎసెక్స్‌లోని బ్రాడ్‌వెల్ ఊరు దాటి పొలాల వెంట సముద్రం దాకా వెళితే, ఒంటరిగా ఓ చిన్న చర్చి కనిపిస్తుంది. పేరు సెయింట్ పీటర్. 654 ప్రాంతంలో సెడ్ అనే క్రైస్తవ సన్యాసి, రోమన్లు వదిలేసిపోయిన కోట గోడ మీదే దీన్ని కట్టించాడు. రాళ్ల కోసం ఎక్కడికీ పోలేదు. పాడుబడ్డ కోట రాళ్లూ, ఎర్ర ఇటుకలే మళ్లీ గోడలకెక్కాయి.

సుమారు పదేళ్లకే, 664లో, దూరాన లాస్టింగ్‌హామ్ మఠంలో సెడ్‌ను మహమ్మారి పొట్టన పెట్టుకుంది. గురువుగారి సమాధి దగ్గరే ఉండిపోదామని ఎసెక్స్ నుంచి 30 మంది దాకా శిష్యులు బయలుదేరి వెళ్లారు. ఒక్క కుర్రవాడు తప్ప అందరూ అదే జబ్బుతో పోయారని చరిత్రకారుడు బీడ్ రాశాడు.

శతాబ్దాలు గడిచాక ఈ చర్చి ధాన్యపు కొట్టయింది. బండ్లు దూరడానికి పక్క గోడలు పగలగొట్టారు. ఆ కంతలు పూడ్చిన అతుకులు ఇవాళ్టికీ తెలుస్తూనే ఉంటాయి. భక్తులకు కష్టంగానే ఉంటుందనుకోండి, నాకు మాత్రం ఆ రైతులకు దండం పెట్టాలనిపిస్తుంది. గింజలు తడవకూడదంటే కప్పు నిలబడాలి కదా! 1920లో మరమ్మతులు చేసి మళ్లీ ప్రార్థనలు మొదలుపెట్టారు. ఇప్పుడు ఏటా వేసవిలో అక్కడ తీర్థయాత్ర జరుగుతోంది.