ముట్టుకోరాదు

“మావయ్యా, నేను కూడా కళ్ళు మూసుకుంటే ముట్టుకోనిస్తారా?”

అడిగింది నా మేనకోడలు. నాలుగో తరగతి. అప్పుడు మేమో సైన్సు మ్యూజియంలో ఉన్నాం, పేరెందుకులెండి. అన్నీ అద్దాల పెట్టెల్లో ఉన్నాయి. అది బోర్డులు చదువుతుంటే నేను వింటున్నాను. ఓ చోట మనిషంత ఎత్తు గుండె ఉందని, దానికి మాత్రం అద్దం లేదని చెప్పింది. ముట్టుకోవచ్చా అని అక్కడి ఉద్యోగిని అడిగాను. కుదరదన్నాడు. తర్వాత నా తెల్లకర్ర చూసినట్టున్నాడు, లోపలికెళ్ళి ఎవర్నో అడిగొచ్చి, “మీరైతే పర్లేదు సార్” అన్నాడు.

గుండె ఎడమ జఠరిక గోడ మందంగా ఉంటుందని చిన్నప్పుడు బట్టీ పట్టాను. ఎంత మందమో ఆ రోజు నా బొటనవేలికి తెలిసింది. కవాటాల అంచులు తడుముతూ మైమరిచి ఉండగా పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. “పాపా, నువ్వు కాదు” అన్నాడాయన. అప్పుడే అది ఆ ప్రశ్న వేసింది.

ఆ ఉద్యోగి మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి. కానీ నాకు దొరికింది ఆయన మంచితనం మాత్రమే. రేపు ఆ డ్యూటీలో ఇంకొకరుంటే అదీ ఉండదు. పైగా ఆ పిల్ల ముందు ఏదో దొంగిలించినవాడిలా అనిపించింది. మినహాయింపులు నాకు కొత్త కాదు. బస్సులో సీటు, క్యూలో ముందు చోటు, ఏనాడూ సిగ్గుపడకుండా తీసుకున్నాను. ఇదెందుకు గుచ్చుకుందో చాలా రోజులు అర్థం కాలేదు.

ముట్టుకోవద్దనే నియమం మీద నాకు పేచీ లేదు. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలు రెండు వేల ఏళ్ళ నాటివి. నేను నిమిరితే నా వెనక వెయ్యిమంది నిమురుతారు, రాయి అరుగుతుంది. అక్కడ నా కోరిక కంటే రాయి పెద్దది. కానీ ప్లాస్టిక్ గుండె? అది పాడైతే ఇంకోటి చేయించొచ్చు. డబ్బులెవరిస్తారంటారా, అద్దాల పెట్టెలకి ఇచ్చినవాళ్ళే. అక్కడ నియమం కాపాడుతున్నది వస్తువుని కాదు, తెలుసుకోవడం అంటే చూడడమే అనే అలవాటుని.

ఆ అలవాటుతో నాకు పాత పరిచయం. పదో తరగతికొచ్చేసరికి నాకు వెలుగూ నీడా తప్ప మిగల్లేదు. ఎంపీసీ అంటే, “లాబ్‌లో ఏం చూస్తావు బాబూ, ఆర్ట్స్ తీసుకో” అన్నారు. మా విజయనగరంలో ఇంకో సలహా కూడా సిద్ధంగా ఉంటుంది: వయొలిన్. చూపు సరిగా లేని ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మా సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు కదా మరి! నాకు శ్రుతి జ్ఞానం సున్నా అని ఎవరికీ పట్టలేదు. నేను ఆర్ట్స్ తీసుకున్నాను. మచిలీపట్నం వైపు శ్రీకాంత్ బొల్లా మాత్రం ఇంటర్‌లో సైన్సు కోసం కోర్టుకెళ్ళి గెలిచాడు, తర్వాత ఎంఐటీలో చదివాడు. ఆయన కథ విన్నప్పుడల్లా గర్వంతో పాటు కాస్త కుళ్ళు కూడా పుడుతుంది.

1688లో విలియం మాలినో అనే ఐరిష్ ఆయన తత్వవేత్త జాన్ లాక్‌కి ఓ ప్రశ్న రాశాడు. పుట్టు గుడ్డివాడు ఘనాన్నీ గోళాన్నీ చేత్తో తడిమి పోల్చుకోగలడు. వాడికి హఠాత్తుగా చూపొస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? దీనికి జవాబు మన దేశపు పిల్లల దగ్గర దొరికింది. ఆపరేషన్‌తో చూపొచ్చిన అయిదుగురిని పవన్ సిన్హా బృందం పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించింది. చేతికి తెలిసిన ఆకారాన్ని కళ్ళు వెంటనే పోల్చుకోలేకపోయాయి, దాదాపు ఊహించి చెప్పినట్టే. కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారనుకోండి.

ఇది చదివాక గుచ్చుకున్నదేమిటో తెలిసింది. చెయ్యి కంటికి బదులు కాదు. చేతి జ్ఞానం వేరు. అలాంటప్పుడు ఆ రోజు గుండె గురించి సగమే తెలుసుకుని ఇంటికెళ్ళింది నా మేనకోడలు. దానికి ఎర్రరంగు, నీలంరంగు తెలిశాయి, మందం తెలియలేదు. నాకోసం నియమం సడలించి నన్ను సముదాయించారు. నిజానికి నియమమే మార్చాల్సింది, అదీ నాకంటే ముందు దాని కోసం.

పోయిన సెలవుల్లో కాంప్లెక్స్‌లో బస్సెక్కి ఇద్దరం విశాఖ వెళ్ళాం, కురుసుర చూద్దామని. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి బీచిలో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు. అందులో ముట్టుకోకుండా నడవడం ఎవరి తరం? ఒక గదిలోంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారం. ముందు కాలు, తర్వాత నడుం, చివర తల. ఎంత ఇరుకో భుజాలే చెప్తాయి. సోనార్ దగ్గర గైడుగారు, “లోతుకెళ్ళాక పెరిస్కోపు పనికిరాదండీ, అంతా వినడమే” అన్నారు. 1971 యుద్ధంలో దీన్ని నడిపినవాళ్ళు కూడా నీళ్ళ కింద నాలాగే చెవులతో దారి వెతుక్కున్నారన్నమాట. వాళ్ళని ఆర్ట్స్ తీసుకోమని ఎవరూ అనలేదు!

వెనక్కి తిరిగితే మేనకోడలు నా చొక్కా అంచు పట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుని నడుస్తోందట. తర్వాతి ద్వారం దగ్గర ఠంగుమని శబ్దం.

“కళ్ళు తెరువమ్మా, నుదురు పగులుద్ది” అన్నారు గైడుగారు.

“ఉండండి,” అంది అది, నుదురు రుద్దుకుంటూ, “ఇంకా గదులున్నాయి కదా.”