ఇవ్వని మాట

మాట ఇచ్చి తప్పితే లోకం ఊరుకోదు. మరి ఇవ్వని మాట తప్పితే? ఇది సంసారాల్లో వచ్చే పేచీయే అనుకుంటాం గానీ, కంప్యూటర్ల దగ్గరా వచ్చిపడింది.

జావా అనే కంప్యూటర్ భాషలో ఓ చిత్రమైన సదుపాయం ఉంది. "నీకు ఏయే పనులు వచ్చో చెప్పు" అని ప్రోగ్రాము తనలోని భాగాలని తనే అడగొచ్చు. అద్దంలో చూసుకోవడం లాంటి ఈ సదుపాయాన్ని రిఫ్లెక్షన్ అంటారు. జవాబుగా వచ్చే జాబితాకి ఫలానా వరసంటూ ఉండదని ఆ భాష తాలూకు పత్రాల్లో స్పష్టంగా రాసే ఉంది. అయినా ఏళ్ళ తరబడి చాలామందికి అది తాము రాసుకున్న వరసలోనే వచ్చేది. దాన్నే నమ్ముకున్నారు. 2011లో ఏడో వెర్షను వచ్చింది, వరస మారింది, అంతవరకూ సవ్యంగా నడిచిన పరీక్షలు తప్పాయి.

"రాశాంగా, చదువుకోవద్దూ?" అని వాళ్ళు. "ఇన్నాళ్ళూ ఇచ్చారుగా?" అని వీళ్ళు.

ప్రోగ్రాములు రాసేవాళ్ళ తగువు మనకెందుకు అంటారేమో! ఇలాంటిదే ఇంకోటి చూడండి. అణువుల లెక్కలు కట్టే ప్రోగ్రాము ఒకటి 2014లో ప్రచురితమైంది. రసాయన శాస్త్రజ్ఞులు వాడుకుంటున్నారు. 2019లో హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని గుట్టు కనిపెట్టారు. అదే ప్రోగ్రాము, అవే ఫైళ్ళు. విండోస్ 10 మీద ఒక జవాబు, ఉబుంటు మీద వేరే జవాబు! ఫైళ్ళు పేర్ల వరసలోనే అందుతాయని ప్రోగ్రాము నమ్మింది. ఆ హామీ దానికెవరూ ఇవ్వలేదు. వరస మారినచోట, ఒకరి జాతకం మరొకరికి అంటగట్టినట్టు, ఒక ఫైలు అంకెలు ఇంకో ఫైలు అంకెలతో జతపడ్డాయి. తప్పు జవాబు ఒప్పులాగే దర్జాగా బయటికొచ్చింది. "పేర్ల వరసలో పెట్టు" అని ఒక్క పంక్తి చేర్చేసరికి అంతా కుదుటపడింది.

నాకేమనిపిస్తుందంటే, మాటకంటే అలవాటే గట్టిగా వినిపిస్తుంది. కాగితం మీద లేదని రాసి, చేత్తో రోజూ ఇస్తూంటే, పుచ్చుకునేవాళ్ళు చేతినే నమ్ముతారు. అంచేత, రాశాం కదా అని ఇచ్చినవాళ్ళు పూర్తిగా చేతులు దులుపుకోలేరు. మార్చేముందు ఓ మాట చెప్పడం మర్యాద. కానీ ఎవరు దేనిమీద ఆధారపడ్డారో ఇచ్చేవాళ్ళకేం తెలుస్తుంది? అది తెలిసింది పుచ్చుకునేవాళ్ళకే. కనక అడగాల్సిన బాధ్యతా ఎక్కువగా వాళ్ళదే.

మన ఇళ్ళలో చూడండి. అమ్మ ఎలాగూ లేస్తుంది, వదిన ఎలాగూ వండుతుంది, అత్తయ్య ఎలాగూ పిల్లల్ని చూసుకుంటుంది. ఎవరూ అడిగింది లేదు, వాళ్ళు ఒప్పుకున్నదీ లేదు. ఓ రోజు ఒంట్లో ఓపిక లేక మానేస్తే మాత్రం "ఆవిడ మారిపోయింది" అంటాం.

"ఇది నాకు కావాలి, చేస్తావా?" అని అడగడానికి ఒక్క పంక్తి చాలు. కాకపోతే, అడిగితే ఆవిడ కాదని కూడా అనొచ్చు. బహుశా అందుకేనేమో, మనం అడగం.