తెల్లగోడయు, అవ్వ ముఖమును



వెలుగును కొలుచు ఒక చిన్న పరికరమును గూర్చి ఈ మాసము వ్రాయుచున్నాను. లైట్ మీటరు అను ఇది అరచేతిలో ఇముడును. 1932లో అమెరికాలోని వెస్టన్ కంపెనీవారు తెచ్చిన మీటరులో సెలీనియము ఉండెను. దానిమీద వెలుగు పడగానే కొంచెము విద్యుత్తు పుట్టి ముల్లును కదుపును, బ్యాటరీ అక్కరలేదు. ముల్లు చూపిన అంకెనుబట్టి కెమెరా కన్ను ఎంత తెరవవలెనో, ఎంతసేపు తెరచియుంచవలెనో తెలియును.

నేను బాన్సువాడ ప్రాంతమునకు క్రొత్తగా కాపరినై వచ్చినప్పుడు, క్రిస్మసు ఆరాధన ముగియగానే సంఘమంతటిని మందిరపు గోడ యెదుట నిలువబెట్టి ఫోటో తీసితిని. గోడకు క్రొత్త సున్నము, అందరివి తెల్లబట్టలు. నేను దూరముగా నిలిచియే మీటరును వారివైపు చూపి, అంకె చదివి, మీట నొక్కితిని. ఫోటోలో గోడ బూడిదరంగుగాను, ముఖములు నల్లని మచ్చలుగాను వచ్చినవి.

మరుసటి సంవత్సరము మా సంఘములోని యొక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించెను. ఆమెకు వేరొక ఫోటో లేదు. కుమారుడు వచ్చి ఆ బొమ్మను చాలసేపు చూచి, "అయ్యగారూ, ఇండ్ల మా అవ్వ ఏది?" అని యడిగెను. నేను వ్రేలు పెట్టి చూపితిని. ముక్కుపుడక మెరుపు తప్ప అక్కడ ఏమియు లేదు.

తప్పు మీటరుది కాదు. అది గోడ యని, మనిషి యని యెరుగదు. ఎదుట ఏది యున్నను, పడిన వెలుగులో నూటికి సుమారు 18 పాళ్లు అది తిరిగి పంపుచున్నదని లెక్కగట్టును. సున్నపు గోడయో 80 పాళ్లకు పైగా పంపును. కనుక వెలుగు మిక్కుటమాయెనని భ్రమించి, కన్ను మూయుమని చెప్పెను. నేను రెండు మెట్లు, అనగా నాలుగంతల వెలుగు, ఎక్కువ ఇయ్యవలసియుండెను.

యెష్షయి ఇంట ఏలీయాబు ఎత్తును చూచి సమూయేలు ప్రవక్తయే పొరబడెను (1 సమూ. 16). నేను చూచినది వారి బట్టలను.

తరువాత వచ్చిన కొన్ని మీటర్లకు తెల్లని గోపురమువంటి బుడిపె యుండును. దానితో దూరమునుండి కొలువరాదు. మనుష్యులున్న చోటికే నడిచి వెళ్లి, ముఖము ప్రక్కన ఉంచి, బుడిపెను కెమెరావైపు త్రిప్పవలెను. అప్పుడు బట్టలు విసరిన వెలుగును గాక, వారిమీద పడుచున్న వెలుగునే కొలుచును. ముఖము నలుపైనను తెలుపైనను అంకె ఒక్కటే. సెల్ ఫోనుతో తీయువారు, తెరమీద ముఖమును వ్రేలితో తాకి మరి తీయుడి.

ఇప్పుడు నేను ప్రతి వరుసయొద్దకును వెళ్లుచున్నాను. మొన్న ఒక పెద్దమ్మ బుడిపెను చూచి వెనుకకు జరిగి, "జరమున్నదా అని చూస్తున్నరా అయ్యగారూ?" అనెను.